సాలూరు ఘాటీలో నలుగురు పిల్లలతో

మొన్న మా మనవరాలు నన్ను విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి విమానంలో తీసుకువెళ్ళింది. ఎనభైకి దగ్గరపడిన వయసులో అదే నా మొదటి విమానం, బహుశా ఆఖరిదీ కావచ్చు. మనవరాలికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు, చంటిదానికి పది నెలలు. విమానం పైకి లేచీ లేవగానే చంటిది చెవులు నొప్పిపుట్టి కాబోలు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది, నడిమివాడు వాంతి చేసుకున్నాడు, పెద్దవాడు కిటికీ దగ్గర నుంచి కదలనని మొండికేశాడు. నేను చూస్తే నడుముకి కట్టిన బెల్టు విప్పుకోవడమే చేతకాక కూర్చున్నాను. అప్పుడు పక్క వరుసలోంచి ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ చేతులు చాచి చంటిదాన్ని అందుకుని, భుజాన వేసుకుని, దిగేదాకా జోకొడుతూనే ఉంది. దిగాక మా మనవరాలు ఆవిడ పేరూ అడ్రసూ రాసుకుని, రెండు చేతులూ పట్టుకుని, అంతమంది చూస్తుండగా ఇంటికి రమ్మని మరీ మరీ చెప్పింది. నేను తల వంచుకున్నాను. అలసిపోయానా అని అది అడిగితే అవునన్నాను గాని, అది అలసట కాదు. అరవై ఏళ్ళుగా నాలో ఉన్న సిగ్గు.

పందొమ్మిది వందల ఇరవైల్లో మాట. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, సాలూరు మిషను బడిలో చిన్న తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా బావగారు అరకుకి ఉత్తరాన కొండల్లో ఒక గూడెంలో పంతులు. నాలుగో కాన్పయిన కొన్ని నెలలకి మా అక్క మన్యం జ్వరంతో మంచం పట్టింది, చంటివాడికి పాలు ఎండిపోయాయి. ఆమె లేచి తిరిగేదాకా పిల్లల్ని సాలూరులో మా అమ్మ దగ్గర ఉంచుదామని, నన్ను వచ్చి తీసుకువెళ్ళమని బావగారు కబురుపెట్టారు. ఆ రోజుల్లో కొండ మీద నుంచి సాలూరు దిగాలంటే గూడుబండిలో రెండు రోజులు. నా ఈడువాళ్ళకి ఆ ఘాటీ గుర్తుండే ఉంటుంది. ఒక పక్క బండలు, ఒక పక్క లోయ, మలుపు మలుపుకీ బండివాడు కిందికి దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టడం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నలుగురినీ ఎలా తెచ్చానా అనిపిస్తుంది. పెద్దపిల్లకి ఏడేళ్ళు, తరువాతివాడికి అయిదు, ఆ తరువాతిదానికి మూడు, చంటివాడికి ఎనిమిది నెలలు. మూడేళ్ళది దారి పొడుగునా అమ్మ కావాలని ఏడ్చింది, అయిదేళ్ళవాడు బండి వెనక వేలాడి రెండుసార్లు పడ్డాడు, పెద్దది మాత్రం ముసలమ్మలా ఒక్క మాటైనా మాట్లాడకుండా తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చంటివాడి కోసం కాచిన ఆవుపాలు మరచెంబులో తెచ్చుకున్నాను. మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు దారిలో ఒక పల్లెలో మళ్ళీ పోయించుకున్న పాలు పొద్దెక్కేసరికి విరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే చక్రం శీల ఊడి ఎక్కడో పడిపోయింది. అది వెతుక్కుంటూ బండివాడు వెనక్కి నడిచి వెళ్ళాడు. ఆ ఎండలో, ఆ మలుపులో, నేనూ నలుగురు పిల్లలూ మిగిలాం. ఉగ్గుగిన్నెతో నీళ్ళు పోస్తే చంటివాడు ఉమ్మేశాడు. ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడుపు కూడా సన్నగిల్లి, పెదాలు ఎండి, కళ్ళు తేలవేయసాగాడు. వాడు నా చేతుల్లోనే పోతాడేమో అనుకున్నాను.

అప్పుడు సంతకి దిగుతున్న ఒక కొండామె, నెత్తిన అడ్డాకుల మోపు, వీపున గుడ్డలో కట్టుకున్న తన బిడ్డతో, మా దగ్గర ఆగింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. మోపు దింపి, కాసేపు చూసి, చేతులు చాచింది.

"ఏడిసి ఏడిసి గుంటడికి గొంతు పోతంది. ఇలాగియ్యమ్మా, నా కాడ పాలున్నాయి."

నేను వెంటనే ఇవ్వలేదు. ఈ మాట రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు. దేవుడి ముందు అందరూ ఒక్కటేనని ప్రతి ఉదయం బడిలో పిల్లల చేత పాడించే నేను, బిడ్డ అలా తేలిపోతుంటే, ఆమె చీర మురికి చూసి వాణ్ణి గుండెకి అదుముకుని వెనక్కి జరిగాను. పెద్దపిల్లే నా కొంగు పట్టుకుని లాగి, ఇచ్చెయ్యి పిన్నీ అంది. ఇచ్చాను. ఆమె బండరాయి మీద చతికిలబడి వాణ్ణి రొమ్ముకి పట్టింది. వాడు తాగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వీపు మీది తన బిడ్డ ఏడిస్తే, వెనక్కి చెయ్యి పెట్టి తట్టిందే గాని మావాణ్ణి మధ్యలో తీయలేదు.

బండివాడు తిరిగి వచ్చాక ఆమె మోపు బండిలో పెట్టి మాతోనే నడిచింది. దారిలో మరి రెండుసార్లు పాలిచ్చింది. మూడేళ్ళదాన్ని చంకనెత్తుకుని ఏదో వాళ్ళ భాషలో పాట పాడితే, అది అమ్మ మాట మరిచి నిద్రపోయింది. నేను ఆమెతో ఏం మాట్లాడానో గుర్తులేదు. మాట్లాడలేదనుకుంటాను. సాలూరు ఇళ్ళు కనబడగానే మాత్రం, ఇక్కడి నుంచి నువ్వు వేరే దారిన వెళ్ళు అన్నాను. అలాగేనని మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మా గుమ్మం ముందు ఆమె నిలబడి ఉంది. సంత ముగించుకుని, మా బండి గురుతు చెప్పి ఇల్లు కనుక్కుని ఉంటుంది. చేతిలో ఆకు దొన్నెలో నాలుగు సీతాఫలాలు, పిల్లకొకటి. మా అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. మా అమ్మ చర్చికి తప్పకుండా వెళ్ళే మనిషే గాని, కొండవాళ్ళు ఎవరైనా వస్తే పెరట్లో వేరే చెంబుతో, ఎత్తు నుంచి నీళ్ళు పోసేది. మనవడు కొండామె పాలు తాగాడని తెలిస్తే ఏమంటుందోనని నేను ఆ సంగతి చెప్పలేదు. గంజినీళ్ళు పట్టానని అబద్ధమాడాను.

"గుంటడు బాగున్నాడా అమ్మా?" అంది ఆమె నన్ను చూసి నవ్వుతూ. నా చంకలోని చంటివాడు ఆమెను గుర్తుపట్టి ముందుకి వంగాడు.

"ఎవులే ఈ మనిసి? నీకెరికేటి?" అని మా అమ్మ అడిగింది.

"నాకు తెలీదమ్మా. సంతకొచ్చిన మనిషేమో" అన్నాను.

పెద్దపిల్ల గడపలోంచి, "పిన్నీ, మన బాబుకి..." అని మొదలుపెట్టింది. నేను దాని జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లాను. అది మాట మింగేసింది. కొండామె నా మొహం చూసింది, పిల్ల మొహం చూసింది, మా అమ్మ వైపు తిరిగింది.

"ఇల్లు తప్పొచ్చేసినానమ్మా" అంది, మెల్లగా.

దొన్నె అరుగు చివర పెట్టి వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చంటివాడు అటే వంగి ఏడ్చాడు. ఆ పళ్ళు ఇద్దరు పిల్లలు తిన్నారు, పెద్దది ముట్టుకోలేదు. చాలా రోజులు నా పక్కన పడుకోలేదు కూడా.

ఆ తరువాత ప్రతి సంతకీ వెళ్ళాను. ఆకుల మోపులు దించే చోట నిలబడి ఒక్కొక్క మొహమే చూసేదాన్ని. ఎవరినైనా అడుగుదామంటే పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆమె మళ్ళీ నాకు కనబడలేదు. అక్క కోలుకుని దిగి వచ్చి పిల్లల్ని ఒళ్ళోకి తీసుకుని, నువ్వే వీణ్ణి బతికించావే అని నా తల నిమిరినప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

చాలా ఏళ్ళకి, మా అమ్మ ఆఖరి జబ్బులో ఉన్నప్పుడు, ఆమె దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. అంతకాలమూ నా మనసులో నేరం సగం మా అమ్మ మీదే వేసి తిరుగుతున్నాను. ఆమె, "మన గుంటణ్ణి బతికించిన తల్లి గుమ్మంలోకొత్తే, పిడికెడు అన్నం ఎట్టకుండా పంపీసినావా?" అంది. నన్ను తిట్టనైనా తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నేను భయపడిన అమ్మ నిజంగా ఎంతమేరకు ఉందో, ఎంతమేరకు నేను కల్పించుకున్నానో ఆ రోజు నుంచి నాకు తెలియకుండా పోయింది.

ఆ చంటివాడు పెద్దవాడై, రైల్వేలో ఉద్యోగం చేసి, ఈ మధ్యనే రిటైరయ్యాడు. వాడికీ చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను. "ఆమె పేరేమిటి పిన్నీ?" అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. "మరి ఆమె వీపు మీది బిడ్డ ఆడా, మగా?" అన్నాడు. నేను చూడలేదు. రోజంతా పక్కనే నడిస్తే, ఆ బిడ్డ నోటి దగ్గరి పాలు మా ఇంటి బిడ్డకి పోస్తే, నేను చూడలేదు.

ఇప్పుడా ఘాటీ ఎక్కడానికి బస్సులో పూట కూడా పట్టదు. కొండవాళ్ళ పిల్లలు చదువుకుని మా బళ్ళలోనే పంతుళ్ళయ్యారు. బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారని అడిగేవాళ్ళు తగ్గారు. నాలుగేళ్ళ కిందట ఒకసారి అటు వెళ్ళినప్పుడు, కొండ మీద ఎక్కిన ఒక నడివయసు కొండమనిషి నాకు కిటికీ పక్క సీటు ఖాళీ చేసి ఇచ్చి, పెద్దమ్మా, ఏ ఊరు వెళ్ళాలి అని అడిగాడు. సాలూరు అన్నాను. ఆ వీపు మీది బిడ్డ బతికుంటే ఈ ఈడే ఉంటుందనుకున్నాను. ఘాటీ దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.