దిగువ ఊరి అంకె

కప్పులపై మంచు బరువు లెక్కగట్టే ఇంజనీరు ఎవరింటికి వెళ్లినా ముందు తలెత్తి కప్పును చూసి, తరువాతే మనుషులను పలకరిస్తాడు. ఆ మధ్యాహ్నం అక్క కొత్తింట్లో మాత్రం తల ఎత్తలేకపోయాడు. సరస్సు గాలికి ఈ కొండగట్టున దిగువ ఊరి కంటే మూడింతల తడిమంచు పడుతుందని తెలిసి కూడా, కొండెక్కి చూడడానికి బద్ధకించి, దిగువ ఊరి మంచు అంకెతోనే ఈ ఇంటి దూలాలు ఖరారు చేశాడు.

“మా బామ్మర్ది లెక్క! ఏనుగెక్కినా చెక్కుచెదరదు,” అని బావ చుట్టాల ముందు మీసం దువ్వాడు. మంచు బరువుకు పైన దూలం కిర్రుమంది.

“కొత్త చెక్క, నీలాగే మూలుగుతుంది,” అని అక్క బావను చూసి నవ్వింది.

ఇంజనీరు చెవుల దాకా ఎర్రబడి, నేల మీద పాకుతున్న మేనకోడలిని ఎత్తుకున్నాడు. “బావా, అందరూ బయటికి నడవండి. ఈ కొండకు నేను లెక్కే కట్టలేదు.”

అక్క బిడ్డను అతని చేతుల్లోంచి లాక్కుని బయటికి నడిచింది.