మూడో చుక్క నూనె

మా పక్కింటి అనెజీనా అందగత్తె కాదు, మాటకారి అంతకన్నా కాదు. చేపలు పట్టే మొగుడు సముద్రంలో పోయాక, హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ ఇద్దరాడపిల్లల్ని పెంచింది. రాయీ సున్నమూ తనే మోసి, పాత మేకల కొట్టాన్ని మూడు అద్దె గదులుగా మార్చింది. ఇదంతా మెచ్చుకోవలసిన సంగతే. నేను మెచ్చుకోలేదు, కుళ్ళుకున్నాను.

వేసవిలో మా దీవికి యాత్రికుల ఓడ వచ్చే వేళకి ఆడవాళ్ళమంతా మా అద్దె గదుల ఫోటోలు అతికించిన అట్టలు పట్టుకుని రేవులో నిలబడతాం. నేను గొంతు చించుకుంటాను. అనెజీనా అట్టని ఛాతీకి ఆనించుకుని ఊరికే నిలబడుతుంది. పెట్టెలు లాక్కుంటూ దిగినవాళ్ళు తిన్నగా ఆమె దగ్గరికే పోతారు. ఏం చూసి పోతారో ఆ దేవుడికే తెలియాలి.

అదీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది హెండ్రికా సంగతి. హాలండులో పంతులమ్మగా చేసి మానుకున్న ఈ హెండ్రికా పంతొమ్మిది వేసవులు మా మేడ గదిలోనే దిగింది. పాకం పట్టిన అంజీరపు కాయలు ఆవిడ కోసం విడిగా దాచేదాన్ని. మా ఆయన పోయిన ఏడు నా పక్కన కూర్చుని ఏడ్చింది కూడా. అలాంటి మనిషి మొన్న ఓడ దిగి, నన్ను కావలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, పెట్టె మాత్రం అనెజీనా చేతికిచ్చింది.

రేవంతా చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా.

"ఎంత అదృష్టమే అనెజీనా! నీ ఇల్లెప్పుడూ కళకళలాడుతూనే ఉంటుంది!" అన్నాను.

అన్నాను గానీ ఉమ్మడం మరిచాను. మా దీవిలో పసిబిడ్డని మెచ్చుకున్నా, కొత్త పడవని మెచ్చుకున్నా వెంటనే మూడుసార్లు "తూ తూ తూ" అనాలి. లేకపోతే దిష్టి తగులుతుంది. నలభై ఏళ్ళుగా ఊరందరికీ దిష్టి తీసేదాన్ని, నేనే మరిచాను.

మర్నాడు తల పగిలిపోతోందని అనెజీనా మంచం దిగలేదు. ఆ మర్నాడు పొద్దున తలకి గుడ్డ కట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

"మరూసక్కా, కాస్త దిష్టి తియ్యవూ? నీ చెయ్యయితేనే తగ్గుతుంది."

కాదనడానికి లేదు. కాదంటే నేరం ఒప్పుకున్నట్టే. పళ్ళెంలో నీళ్ళు పోసి, సిలువ గుర్తు వేసి, పెదవులు కదలకుండా ప్రార్థన చదువుతూ ఒక చుక్క ఆలివ్ నూనె వదిలాను. దిష్టి లేకపోతే చుక్క విడిపోకుండా తేలాలి. అది చూస్తుండగానే కరిగి మాయమైంది. నాకు ఒకటే ఆవలింతలు, కళ్ళనీళ్ళు; దిష్టి గట్టిదైతే తీసేవాళ్ళకి అలాగే వస్తాయి.

"గట్టి దిష్టే," అంది అనెజీనా. "ఎవరిదంటావు?"

"ఏమోనే, రేవులో ఎంతమంది లేరు!"

"ఉన్నారున్నారు. అందరూ ఉమ్మారు కూడానూ."

నేను రెండో చుక్క వదిలాను. అదీ కరిగింది.

"అక్కా," అంది గొంతు తగ్గించి, "హెండ్రికమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. మీ మేడకి పద్దెనిమిది మెట్లు. నా గదులు నేల మీదున్నాయి, అంతే. నీకెలా చెప్పాలో తెలీక చలికాలంలోనే నాకు ఉత్తరం రాసింది."

మెట్లు! వట్టి మెట్లు! నా గుండెల మీద బరువు దిగిపోయింది. అనెజీనా తల నిమిరాను.

"ముందే చెప్పొచ్చు కదే పిచ్చిమొహమా," అంటూ మూడో చుక్క కోసం నూనెలో వేలు ముంచాను.

అప్పుడు తట్టింది. పంతొమ్మిదేళ్ళు నా ఇంట్లో తిని పడుకున్న మనిషి, తన మోకాళ్ళ నొప్పి నాతో చెప్పుకోలేదు. దీనితో చెప్పుకుంది. ఉత్తరం రాసి మరీ చెప్పుకుంది.

చుక్క నీళ్ళలో పడింది. అంచులు విచ్చుకుని నెమ్మదిగా కరిగిపోయింది.

అనెజీనా పళ్ళెం మీంచి తలెత్తి నా మొహంలోకి చూసింది.

"నీకింకా తగ్గలేదు కదక్కా?" అంది అనెజీనా.