ఖలీల్ భాయ్ కొట్టంలో నాలుగు పిల్లులు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానకాలం మొదట్లో నన్ను హుజూర్‌నగర్ దగ్గరి ఒక పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉన్నా ఆ దవాఖానకు పెద్ద డాక్టర్నీ నేనే, చిన్న డాక్టర్నీ నేనే. నా పైన డివిజన్‌కు ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఉండేవారు. మేమంతా ఏడీ గారు అనేవాళ్లం. అప్పుడప్పుడు వచ్చి రిజిస్టర్లు తనిఖీ చేయడం ఆయన పని, ఆయన వచ్చేలోపు అవి సరిగ్గా రాసి ఉంచడం నా పని.

చేరిన నెలలోనే ఖలీల్ భాయ్ వచ్చాడు. ఊరి చివర ఆరు ముర్రా బర్రెలతో పాల వ్యాపారం చేసుకునే మనిషి. "మేడం, బర్రెలు చేపుతలేవు" అన్నాడు. దూడ మూతి తగలగానే చన్నుల్లోకి పాలు దిగడాన్ని చేపడం అంటారు. బర్రె బెదిరితే చేపదు. పాలు లోపల ఉన్నా బయటికి రావు.

పోయి చూశాను. జ్వరం లేదు, నెమరు బాగుంది. పొదుగువాపు ఉందేమోనని నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పిండి, పరీక్ష మందు కలిపి తిప్పాను. జబ్బుంటే పాలు జిగురుగా చిక్కబడతాయి. ఒక్క బర్రె పాలూ చిక్కబడలేదు. ఏమీ తోచనప్పుడు మా వృత్తిలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఖనిజ లవణాల పొడి, లివర్ టానిక్ రాసిచ్చి, మొహం గంభీరంగా పెట్టుకుని వచ్చేశాను.

వారానికి మళ్లీ వచ్చాడు. ఈసారి అడిగింది సూది. పాలను బలవంతంగా దించే హార్మోన్ సూది అది. పూటపూటకూ పొడవడం చట్టవిరుద్ధం, బర్రెకూ చెరుపు. పేరు కూడా లేని సీసాల్లో చాటుమాటుగా దొరికేది.

"ఇయ్యను" అన్నాను.

"మీరియ్యకుంటే ఇచ్చెటోళ్లు మస్తున్నరు మేడం. హోటలోళ్లు వేరే జాగల పాలు పోయించుకుంటమంటున్నరు. నేనేం జెయ్యాలె మరి?"

"ఒక్క పూట ఆగు. పొద్దుమీకి నువ్వు పిండేటప్పుడు నేనొచ్చి కూసుంట" అన్నాను.

నాలుగు గంటలకు వెళ్లి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాను. కొట్టం కొత్తది. ఆ ఎండాకాలంలోనే పాత మట్టి కొట్టం తీసేసి సిమెంటు గచ్చు చేయించి, పైన రేకులు వేయించాడట. దాణా స్టీలు డ్రమ్ముల్లోకి పోయింది, గడ్డివాము బయటికి పోయింది. ఎలుక దూరే సందు లేదు. ఒక మూల ఖలీల్ తల్లి జైనబ్ ఖాలా, డెబ్బై ఏళ్ల మనిషి, తన నాలుగు పిల్లులకు గిన్నె నిండా పాలు పోస్తోంది. అవి తాగి, మూతులు తుడుచుకుని, తలా ఒక దిక్కుకు పోయాయి.

ఖలీల్ దూడను విడిచి, కాసేపాగి కట్టేసి, బర్రె డొక్కకు తల ఆనించి కూర్చున్నాడు. బర్రె తోక ఊగింది. గచ్చు మీద నక్కిన బేగం అనే బూడిదరంగు పిల్లి, పిర్రలు అటూ ఇటూ ఆడించి, ఆ తోక కుచ్చు మీదికి దూకింది. అదే క్షణాన పైనున్న ఇనుప దూలం మీద నుంచి పహిల్వాన్ అనే ఎర్రటి గండుపిల్లి బర్రె వీపు మీద దిగాడు. బర్రె తన్నింది. బకెట్ ఎగిరి, ఉన్న కాసిని పాలూ నా చీర మీద పడ్డాయి.

డొక్కలో తల పెట్టుకున్న ఖలీల్‌కు ఇవేవీ కనబడలేదు. "చూసిన్రా మేడం, ఈ ఈగలతోటి చచ్చిపోతున్న!" అన్నాడు.

"ఎర్రటి ఈగ ఒకటి ఇంకా నీ బర్రె మీదనే ఉన్నది, లేచి చూడు" అన్నాను.

లేచి చూసినవాడు నేరుగా పోయి గోనెసంచి తెచ్చాడు. నాలుగింటినీ కట్టి కృష్ణ అవతల విడిచొస్తానన్నాడు. ఖాలా తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఇంకో సంచి గూడ తే బేటా. నేను సుత అండ్లనే పోత."

తల్లీకొడుకుల మధ్య నిలబడి పదిహేను రోజుల గడువడిగాను. కాలేజీలో పిల్లికి మందు ఎంత ఇవ్వాలో చెప్పారు గానీ, పని ఎంత ఇవ్వాలో చెప్పలేదు. అయినా విషయం కళ్ల ముందే ఉంది. మొన్నటి దాకా వీటికి పగలంతా ఎలుకల వేట ఉండేది. సిమెంటు ఆ పని తీసేసింది, ఖాలా పాలు కడుపు నింపాయి. చార్జి ఇవ్వకుండా కూర్చోబెట్టిన ఉద్యోగి ఆఫీసును ఏం చేస్తాడో నేను మా శాఖలోనే చూశాను.

ఓపీ చీటీ మీదనే రాసిచ్చాను. పాలగిన్నె బంద్. పిండడానికి అరగంట ముందు పిల్లులను కాసేపు ఉరికించి, ఆ తర్వాత తిండి. వేటాడి తిన్న పిల్లి ఒళ్లు నాకి శుభ్రం చేసుకుని పడుకుంటుంది. ఎక్కి కూర్చోవడానికి బర్రెలకు దూరంగా ఎత్తులో ఒక చెక్క. ఆడుకోవడానికి వేలాడే తాడు, దాని చివర గోనెపట్టా ఉండ.

తాడు నేనే స్వయంగా కట్టాను, అందుకే తప్పు చోట కట్టాను. మర్నాటికల్లా ఒక బర్రె దాన్ని కొమ్ములతో పీకి, గోనె ఉండ నుదుటి మీదికొచ్చేలా బాసింగంలా పెట్టుకుని నిలబడింది. పిల్లులు చెక్క మీద కూర్చుని తమాషా చూస్తున్నాయి. ఖలీల్ ఆ వారంలో మొదటిసారి నవ్వాడు, నన్ను చూసే నవ్వాడు.

పని నిలబెట్టింది ఖాలా. పగిలిన కూజాలు తెచ్చి, వాటిలో ఎండుచేప ముక్కలు వేసి, గడ్డిలో, డ్రమ్ముల వెనుక దాచేది. అన్నీ ఒకే చోట పెడితే సులువు కదా అన్నాను. "రోజొక్క జాగల పెట్టాలె బిడ్డా. ఒక్క జాగలనే ఉంటె అది ఎలుకెట్లయితది?" అంది. పాత దుపట్టా ముక్కను కర్రకు కట్టి, కొట్టం పొడుగునా ఈడుస్తూ నడిచేది. వెనుక నాలుగు పిల్లులు, గోడ అవతల సగం వాడ. ముసలామెకు పిచ్చి లేచిందని, లేపింది డాక్టరమ్మేనని అనుకున్నారట.

పన్నెండో రోజున బర్రెలు ఆరూ చేపాయి. పిల్లులు చెక్క మీద గుర్రు పెడుతున్నాయి. సూది మాట ఖలీల్ మళ్లీ ఎత్తలేదు.

చిక్కంతా తనిఖీలో వచ్చింది. ఏడీ గారు ఓపీ రిజిస్టర్‌లో ఒక వరుస దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. "లక్షణం: బర్రె చేపకపోవడం. చికిత్స: పిల్లులకు రోజుకు రెండుసార్లు ఆట." అద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివారు. శాఖతో పరాచకాలా అని అడిగి, మూడు రోజుల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వమని మెమో ఇచ్చారు. వివరణ కొట్టంలో ఉంది, నాలుగింటికి వస్తే చూడొచ్చని మనవి చేసుకున్నాను.

వచ్చారు. ఖాలా ఆయన హోదా ఏమిటని అడగలేదు. "జర పట్టు సాబ్, నాకు మోకాళ్లు నొస్తున్నయి" అని దుపట్టా కట్టిన కర్ర ఆయన చేతిలో పెట్టింది. ఏడీ గారు మొహమాటానికి రెండడుగులు ఈడ్చారు. పహిల్వాన్ గాల్లోకి లేచాడు. ఆయన వేగం పెంచారు. ఖలీల్ పిండడానికి కూర్చున్నాక కూడా, ఇంకొక్క చుట్టు అని కొట్టం బయట తిరుగుతూనే ఉన్నారు. లోపల బర్రె చేపింది. జీపు ఎక్కే ముందు గొంతు తగ్గించి, తమ ఇంట్లో సోఫా చీరే పిల్లి ఉందని, దానికి కూజా ఏ సైజుదైతే బాగుంటుందని అడిగారు. మెమో మీద "వివరణ సంతృప్తికరం" అని రాసి సంతకం చేశారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. పాలు తగ్గాయని ఎవరు వచ్చినా కొట్టంలో కొత్తగా ఏం మారింది, అక్కడ ఇంకా ఎవరెవరు ఉంటున్నారు అని ముందు అడిగేదాన్ని. రోగం ఒక జంతువులో కనబడి, కారణం ఇంకో జంతువు తీరికలో ఉండవచ్చు. దాన్ని పట్టుకోవడానికి ఒక పూట అక్కడ కూర్చోవడం తప్ప వేరే పరీక్ష లేదు.