అవతలి పార్టీ సభకు వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చిన వైనం

ధర్మవరంలో మా పార్టీ వార్డు పెద్ద నాకొక గొప్ప బాధ్యత అప్పగించాడు. గుత్తిలో అవతలి పార్టీ సభ ఉంది. వాళ్ల అభ్యర్థి నోరు జారతాడని పేరు. నేను వాళ్ల కండువా వేసుకుని జనంలో కూర్చుని, ఆయన జారిన ప్రతి మాటనూ ఫోనులో పట్టుకు రావాలి. "నీ మొగం చూస్తే ఎవురికీ అనుమానం రాదప్పా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పట్టుచీరల కొట్లో కూర్చున్న మొహం కదా, మెప్పుగానే తీసుకున్నాను.

ఇంట్లో ఉండాలని నాకూ లేదు. సభ మర్నాడు పొద్దున మా చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, బోరు బండి వస్తోంది. ఇప్పటికి నాలుగు బోర్లు వేశాం, నాలుగింట్లోనూ దుమ్మే. ఐదో దానికి నాయన రోడ్డు పక్క చేను అమ్మడానికి సిద్ధపడ్డాడు. నేలకు నీళ్లు తేవడానికి నేలనే అమ్మే తెలివి మా వైపు తప్ప దొరకదు. నీటి జాడ చూడ్డానికి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తోటంతా తిరిగిన ఆసామి ఒకచోట కాయ నిలువుగా లేచిందన్నాడు. వెనకటి నాలుగుసార్లూ అలాగే లేచింది. పైగా ఎన్నికలు కాగానే కాలువ వస్తుంది, ఊట పెరుగుతుంది, ధైర్యంగా బోర్లు వేసుకోండని మా పార్టీ అభ్యర్థి మొన్ననే సెలవిచ్చాడు. నాయనకు ఆయన మాట వేదం. అవతలి పార్టీవాడి హోటల్లో టీ కూడా తాగని మనిషి, నేను వద్దంటే వింటాడా?

ఏడున్నరకు రావలసిన ప్యాసింజరు ఎనిమిది దాటాక వచ్చింది. ఎదురుగా గొర్రెల సంతకు పోతున్న పెద్దాయన నా మెడ వంక చాలాసేపు చూసి, "ఏమప్పా, కండువా ఈ పొద్దే తెచ్చినట్టుండావే. మడతలు గూడా పోలే" అన్నాడు. నా గూఢచారితనం అనంతపురం రాకముందే బయటపడింది. కండువా బాగా నలిపి మళ్లీ వేసుకున్నాను.

గుత్తి స్టేషన్లో దిగేసరికి పదిన్నర. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో. వెళ్లేవాళ్లు ముందు బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినండి. పదకొండు గంటల సభ ఒంటిగంటకు గానీ మొదలు కాదు. కోట కింద మైదానంలో షామియానా వేదికకే వేశారు. ఎండ మాత్రం ఓటర్లకు వదిలేశారు. నా పక్కన కూర్చున్న కూలీ ఆమె, "మధ్యాన్నం అన్నం పెడతామని లారీలో ఎక్కిచ్చుకొచ్చినారు. ఇంగా యాడన్నా, ఆయప్ప?" అని నన్నే అడిగింది. కండువా ఉంది కదా, నిర్వాహకుణ్ణి అనుకుంది.

చివరికి అభ్యర్థి వచ్చాడు. దండలు పక్కన పెట్టించి మైకు పట్టుకున్నాడు. నేను ఫోను ఎత్తాను.

"పోయిన తూరి ఈడే నిలబడి చెరువులు నింపుతానని చెప్పినా. నింపలేదు. గెలిపిచ్చినా ఈ అయిదేండ్లలో కాలవ నీళ్లు మీ ఊర్లకు రావు. వస్తాయని మా వోళ్లు చెప్పినా నమ్మొద్దండి. దాన్ని నమ్ముకోని బోర్ల మీద బోర్లు ఎయ్యొద్దండి. మా నాయన ఏడు బోర్లేసినాడు. కొబ్బరికాయ ఏడుసార్లూ లేసె. నీళ్లు ఒక్కసారీ లేయలేదు. చేను పోయినంక నాయన గూడా పాయె."

వేదిక మీద ఒకాయన చొక్కా పట్టి లాగాడు. ఇంకొకాయన పాట పెట్టమని సైగ చేశాడు. పక్కనున్న ఆమె, "అబద్దాలు ఇని పోదామని వస్తే, ఇట్ల జేసినాడేమన్నా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో మా పార్టీ వేదిక మీద ఒక్కడూ నాతో ఇంత మర్యాదగా మాట్లాడలేదు. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. చేతిలో ఫోనుందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

మూడున్నరకు అనంతపురం బస్సు దొరికింది. పక్క సీటులో అదే సభ నుంచి వస్తున్న రైతు, కండువా విప్పి మోకాలికి కట్టుకుంటూ, "నిజం చెప్పినాడు. ఇంగ ఆయప్ప ఓడి ఇంటికే" అని తీర్పు ఇచ్చేశాడు. ఆయనదీ ధర్మవరమే.

అనంతపురంలో ఇద్దరం బస్సు మారాం. నేను పంపిన వీడియో చూసి వార్డు పెద్ద ఫోన్ చేశాడు. "దీంట్లో తిట్టేదానికి ఏముందప్పా? యాడా పెట్టొద్దు, పెడితే ఆయప్ప గెలుస్తాడు. అది సరే, ఈ చప్పట్లు ఎవురివి, ఇంత దగ్గర్నుంచి ఇనపడతాండాయి?" సిగ్నల్ లేదని పెట్టేశాను.

రాప్తాడు దాటాక నాయనకు ఫోన్ చేశాను. కాలువ రాదనీ, బోరు వద్దనీ చెప్పాను.

"ఎవురు చెప్పినారు?" అన్నాడు నాయన.

గుత్తి ఆయన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పొద్దున్నే చేను పోతుంది.

"మనాయప్పే, నాయనా."

"మొన్న ఎయ్యమన్నాడు గదా?"

"ఈ పొద్దు వద్దన్నాడు."

"అట్లయితే ఇంగ మాటే లేదు. బండోన్ని రావద్దని చెప్తా." అవతల నాయన గొంతు పొంగిపోయింది. "చూసినావా, మనాయప్ప కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పినాడు. ఆ పార్టీ వోడు ఎవుడన్నా ఇట్ల చెప్తాడా?"

పక్క సీటు రైతు నా వైపే చూస్తున్నాడు. చేను దక్కినందుకు ఎంత సంతోషమో అంత సిగ్గు కూడా వేసింది. మెడలోని కండువా తీసి సంచిలో కుక్కాను.

"చెప్పడు, నాయనా" అన్నాను.