దుబాసీ దాచిన మాట

ఆవిడ పని వృద్ధాశ్రమంలో బట్టలుతకడం. ఉతకడమంటే చేత్తో కాదు. కింది అంతస్తులో మనిషంత యంత్రాలు నాలుగున్నాయి. వాటి నోట్లో దుప్పట్లు కుక్కి, తీసి, ఆరబెట్టి, మడతపెట్టి, ఏ గది బట్టలు ఆ గదికి చేర్చాలి. పద్దెనిమిదేళ్ళుగా అదే చాకిరీ. అయితే ఏడాది పైచిలుకు నుంచి అక్కడందరూ ఆవిణ్ణి దుబాసీ అని పిలుస్తున్నారు. తెలుగూ డచ్చీ రెండూ వచ్చిన మనిషి ఆ భవనం మొత్తానికి ఆవిడొక్కతే. ఆ మాట వాళ్ళకి నేర్పింది కూడా ఆవిడే. అంటే బిరుదు తనకి తానే ఇచ్చుకుందన్నమాట.

డచ్చి ఆవిడకి బడిలో అబ్బింది కాదు. పెళ్ళయి డచ్చివాళ్ళ దేశం వచ్చిన కొత్తలో బస్సుల్లో, కొట్ల ముందు నిలబడి, నలుగురి చేతా నవ్వించుకుని నేర్చుకుంది. గొంతులో చేపముల్లు దిగినవాడు దాన్ని పైకి లాక్కుంటున్నట్టుండే ఆ చప్పుడొక్కటి పట్టుబడడానికే ఏడాది పట్టింది. భర్త పోయి ఏడేళ్ళయింది. రెండు వీధుల అవతల ఉండే కూతురికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. "తిన్నావటే?" అని ఫోన్ చేస్తే డచ్చిలో ఒక్క ముక్క జవాబు చెప్పి పెట్టేస్తుంది. ఇలా ఆవిడ తెలుగంతా లోపలే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో పన్నెండో నంబరు గదిలోకి పెద్దావిడ వచ్చింది. తెలుగావిడ. నలభై ఏడేళ్ళు డచ్చి మాట్లాడే మనిషితో కాపురం చేసి, ఆ భాషలోనే పోట్లాడి, ఆ భాషలోనే పిల్లని పెంచింది. పక్షవాతం వచ్చి లేచేసరికి డచ్చి తుడిచిపెట్టుకుపోయింది. పుట్టుకతో వచ్చిన తెలుగే మిగిలింది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న తెలుగు రెండే ముక్కలు: "చాలు", "పద". వాటితో ఏం మాట్లాడతాడు?

మొదటి రోజు దుబాసీని పైకి పిలిచారు. గడియారాలాయన భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తెలుగు వినగానే పెద్దావిడ ప్రాణం లేచొచ్చింది.

"అమ్మాయ్, ఈ ముసలాయనెవరో వచ్చి నా చెయ్యి పట్టుకుంటున్నాడు. మా ఆయనొచ్చే వేళయింది, చూస్తే ఏమనుకుంటారు? కాస్త వెళ్ళమని చెప్పమ్మా."

ఆవిడ మనసులో భర్తకింకా ముప్ఫై ఏళ్ళే. నల్ల జుట్టుతో, చేతిసంచీతో, నాలుగింటికి ఇంటికొస్తాడు. పక్కనున్న ఈ తెల్లజుట్టు మనిషి ఆవిడకి ఎవరూ కాడు.

"ఏమంటోంది?" అన్నాడాయన. ఆ మొహం చూసి నిజం చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకో దణ్ణం.

"భోంచేశారా అని అడుగుతున్నారండీ," అంది దుబాసీ.

ఆయన కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "తిన్నానని చెప్పు."

దుబాసీ పెద్దావిడ వైపు తిరిగి, "కాసేపట్లో వెళ్ళిపోతారమ్మా," అంది.

అలా రెండు వైపులా రెండు అబద్ధాలు. ఆ తర్వాత రోజుకి రెండు చొప్పున నడిచాయి. ఆవిడ వెళ్ళమంటే ఈవిడ "చలికోటు వేసుకున్నారా అంటున్నారు" అనేది. ఆవిడ చిరాకు పడితే ఈవిడ "బస్సులో జాగ్రత్తగా వెళ్ళమంటున్నారు" అనేది. నర్సులకి కావలసినవి నొప్పి, దాహం, నిద్ర. అంతకు మించి పెద్దావిడ ఏమంటోందో వాళ్ళెప్పుడూ అడగలేదు. భార్య పోగొట్టుకున్నది భాషనొక్కదాన్నే అని గడియారాలాయన నమ్మాడు. కాదని తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే.

ఒక మధ్యాహ్నం ఆయన గీతల నోటుపుస్తకం పట్టుకుని ఉతికే గదిలోకి దిగాడు.

"నాకు తెలుగు నేర్పు. తిన్నానని నా నోటితో నేనే చెప్పుకోవాలి. పోయేలోగా మా ఆవిడతో ఒక్కసారి మాట్లాడితే చాలు, ఇంకేం అక్కర్లేదు."

దుబాసీ యంత్రం ఆపింది. వద్దనడానికి ఏ కారణం చెబుతుంది? సరేనంది. నేర్పినట్టే నేర్పి ఏళ్ళు గడపొచ్చని ఆశపడింది. ముందు అంకెలు, తర్వాత రంగులు, తర్వాత కూరగాయలు. రావడం, పోవడం లాంటి మాటల జోలికి మాత్రం వెళ్ళలేదు. ఉల్లిపాయతో ఎవరి గుండే పగలదు గదా అనుకుంది పిచ్చితల్లి.

ఆయనేమో చేతిలో పడ్డ ప్రతిదాన్నీ వెనకమూత విప్పి చూసే రకం. ఎడమవైపు డచ్చి, కుడివైపు తెలుగు రాసుకుని రెంటినీ పోల్చేవాడు.

"మేం నాలుగూ ఇరవై అంటాం. మీరు ఇరవై నాలుగంటారు. మీదే నయం," అనేవాడు. "మేం ప్రతి మాటకీ చిన్న తోక తగిలించి ముద్దుగా చిన్నది చేస్తాం. చిన్ని ఇల్లు, చిన్ని కాఫీ. మీకు లేదా?"

"మాకు గారు తగిలించి పెద్దది చెయ్యడమే వచ్చండీ."

"పిన్నీ, పెద్దమ్మా, మేనత్తా... మాకు ఒక్క మాటతో సరిపోయేదానికి మీకిన్నెందుకు?"

"ఎవరు మనకేమవుతారో తెలియాలి కదండీ," అనేసి నాలిక్కరుచుకుంది దుబాసీ.

ఒకరోజు పుస్తకం మూసి, తలొంచుకుని అడిగాడు. "మాకూ మీకూ నువ్వు వేరు, మీరు వేరు. మా ఆవిడ నన్ను మీరంటోంది. మా భాషలో పెళ్ళాం అలా అందంటే మొగుడితో చెడిందని."

"మాలో మొగుణ్ణి మీరనడం ప్రేమండీ." ఆ మాట నిజమే. నిజాన్ని కూడా అబద్ధానికి వాడుకుంటున్నానని ఆ పూటంతా దుబాసీకి అన్నం సయించలేదు. అసలు భయం ఇంకొకటుంది. ఆయన వాక్యం చివరిదాకా వినడం నేర్చుకుంటున్నాడు. తెలుగులో వచ్చేదీ పోయేదీ తేలేది చివర్లోనే. ఈవిడ దాచిన మాటలు ఆయన ఫోన్‌లో పాఠాలు వింటూ ఇంటిదగ్గర కూడబెట్టుకుంటున్నాడు. ఆ సంగతి ఈవిడకి తెలియదు.

పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం మామూలుగానే పెద్దావిడ అంది. "ఇంకా కూర్చున్నాడేమిటమ్మాయ్? మా ఆయనొచ్చే వేళయింది. వెళ్ళమను."

దుబాసీ నోరు తెరిచేలోగా ఆయన చెయ్యెత్తి ఆపాడు. చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు. భార్య చేతిని దుప్పటి మీద పెట్టి లేచి నిలబడి, ఒక్కొక్క ముక్కే తెలుగులో అన్నాడు.

"వెళ్తానండీ. మీ ఆయన... వస్తారు."

పెద్దావిడ మొహం విచ్చుకుంది. "అయ్యో, తెలుగొచ్చే! పాపం, మంచివాడే," అంది దుబాసీతో. ఆ ముక్క కూడా ఆయనకి అర్థమైంది.

బయట నడవాలో గోడకానుకుని నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా అంటోంది?"

"మొదటి రోజు నుంచీ."

"మరి తిన్నారా, చలికోటు వేసుకున్నారా, బస్సులో జాగ్రత్త... అవెవరి మాటలు?"

"నావేనండీ." ఆవిడకి ఏడుపాగలేదు. "మిమ్మల్ని చూస్తే అవే వచ్చేవి. నాకూ అవి అడిగేందుకు ఇంట్లో ఎవరున్నారు?"

"రోజూ ఇంటికెళ్ళి మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేవాణ్ణి, మీ అమ్మ ఇవాళ ఇలా అడిగిందని."

"క్షమించండి. అబద్ధమాడాను."

"అబద్ధమాడినందుకు నాకు కోపం లేదు," అన్నాడు. "నేర్పావు చూడు, అందుకు."

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. పెద్దావిడ నాలుగింటికి తలుపు వైపు చూస్తూ కూర్చునేది. ఎనిమిదో రోజు దుబాసీ ఉతికిన బట్టలు బీరువాలో సర్దుతుంటే పిలిచింది.

"అమ్మాయ్, మా ఆయన ఇంకా రాలేదు. ఆ ముసలాయన కూడా రావడం మానేశాడేం? ఉన్నప్పుడు విసుక్కున్నాను గానీ, ఆయన పక్కన కూర్చుంటే నాకేదో ధైర్యంగా ఉండేది. రమ్మనమ్మా."

దుబాసీ చేతిలో బట్టలు మంచం మీద పడేసి మెట్లు దిగి కిందికి పరిగెత్తింది. ఆఫీసు ఫోన్‌లోంచి ఆయనకి చేసింది. ఆయాసపడుతూ, పెద్దావిడ అన్నదంతా పొల్లుపోకుండా ముందు తెలుగులో చెప్పింది, మళ్ళీ డచ్చిలో చెప్పింది. పద్నాలుగు నెలల్లో వాళ్ళిద్దరి మధ్య ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా చేసిన దుబాసీతనం అదొక్కటే.

అవతల ఆయన చివరిదాకా విన్నాడు.

"ఇదీ నీ మాటే కదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా, ఫోన్ పెట్టేశాడు. ఆవిడ మళ్ళీ చేసింది. ఎత్తలేదు.