వన్స్ మోర్ అన్నందుకు

దోహాలో ఒక ఈవెంట్ కంపెనీలో సౌండు చూస్తాను నేను. పాడేవాళ్ళు వస్తుంటారు, పోతుంటారు, నాకు డ్యూటీ తప్ప మరో ధ్యాస ఉండదు. ఆ శుక్రవారం బ్రెజిల్ కుటుంబాల వేడుకకి ఆ దేశపు గాయకుడొకాయన వచ్చాడు. కుర్రతనంలో ప్రేమపాటలు పాడి ఊళ్ళు ఊపేశాడట. తర్వాత ఓ సీరియల్లో పెళ్ళాన్ని ఏడిపించే మొగుడి వేషం వేశాడు. అంతే, పాట కాస్తా అటకెక్కింది. జనం ఇప్పటికీ ఆ వేషం పేరుతోనే పిలుస్తారట.

మధ్యాహ్నం మైకు సరిచూస్తుంటే వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా ఆయనే చెప్పాడు. "సాయంత్రం ఒక్క పాట, తర్వాత ఫొటోలు. ఇంకోసారి పాడమని ఇక్కడ కూడా ఎవరూ అడక్కపోతే పాట మానేస్తాను. ఇంకో సీరియల్ వాళ్ళు పిలుస్తున్నారు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు మనసు చివుక్కుమంది.

నజ్మా పేటలో నా గదిలోనే ఉండే నిజామాబాద్ కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలిచేవాడు, పక్కన స్పీకర్లు సర్దుతున్నాడు. "ఎవలన్నా ఈయన? గొంతు మస్తుగున్నది," అన్నాడు.

సాయంత్రం హాలు నిండింది. ఆయన పాట ఎత్తుకున్నాడో లేదో ఫోన్లు లేచాయి. వేషం పేరు పెట్టి కేకలు, కబుర్లు, గ్లాసుల చప్పుడు. పాట వినే పుణ్యాత్ముడు ఒక్కడు లేడు! పాట అయిపోయింది. నాలుగు చప్పట్లు పడ్డాయి. మా మేనేజరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఫొటోల కోసం కుర్చీ వేయించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పద్యనాటకాలు చూస్తూ పెరిగిన గోదావరి వాణ్ణి. మా దగ్గర పద్యం నచ్చిందంటే చచ్చి పడున్న పాత్ర కూడా లేచి మళ్ళీ పాడాల్సిందే. ఎక్కడున్నానో మరిచిపోయి "వన్స్ మోర్!" అని అరిచాను.

హాలంతా వెనక్కి తిరిగింది. మేనేజరు చూపుతోనే నన్ను నమిలేశాడు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఈలోగా తమ్ముడు ఈల వేసి, "ఇంకోపారి పాడు సారూ!" అని తెలుగులోనే అందుకున్నాడు.

ఆయన నావైపు చూసి, కుర్చీ పక్కకి నెట్టి మళ్ళీ పాట మొదలుపెట్టాడు. నేను వెనక వాద్యాల ట్రాకు పూర్తిగా తగ్గించేశాను. గొంతు ఒక్కటే మిగిలింది. రెండో చరణం వచ్చేసరికి ముందు వరసలో ఒకావిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని గొంతు కలిపింది. తర్వాత ఆవిడ భర్త, వెనక బల్ల, ఆ వెనక బల్ల. అందరికీ నోటికొచ్చు ఆ పాట! ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు, అంతే. మేనేజరు మైకు కట్టేయమని సైగ చేశాడు. కట్టనంటే కట్టను. ఆయన వరసగా ఇంకో మూడు పాడాడు. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

వైర్లు చుడుతుంటే ఆయన వచ్చి నన్ను వాటేసుకున్నాడు. "సీరియల్ వాళ్ళకి రానని చెప్పేస్తా," అన్నాడు.

"అయ్యబాబోయ్, అంత పని చేయకండి సార్! ఇల్లు గడవాలి కదా. వేషం వేస్తాను, కానీ నాకు పాట ఉండాలి అని అడగండి," అన్నాను.

ఆయన అక్కడే స్పీకరు మీద కూర్చుని సీరియల్ వాళ్ళకి చెయ్యడానికి ఫోను తీశాడు.