చిన్నవాడి ముక్క

కొండల నడుమ ఉన్న కోచ్‌కోర్ ఊళ్ళో ఎవరింట విందు జరిగినా గొర్రెను కోసేది బేషెనే. ఊరి ఆటమైదానంలో గడ్డి కోయడం అతని ఉద్యోగం, మాంసం కోయడం అతని విద్య. గొడ్డలి ముట్టడు. కీలెక్కడుందో వేలితో తడిమి చిన్న కత్తి పెట్టి తిప్పితే, ఎముక విరక్కుండా ముక్క చేతికొస్తుంది. ఏ ముక్క ఎవరి ముందు పెట్టాలో చూసేదీ అతనే. తుంటి ముక్క అందరికన్నా పెద్దవాడికి, ముంగాలి ముక్క అందరికన్నా చిన్నవాడికి. ఆ వరస తప్పితే విందు పెట్టినవాడి పరువూ పోతుంది, కోసినవాడి పేరూ పోతుంది. బేషెన్‌కు మిగిలిన పేరు అదొక్కటే.

కుర్రతనంలో ఇంకో పేరుండేది. ఊరి ఫుట్‌బాల్ జట్టుకు అతనే వెన్నెముక. ఏడాది చిన్నవాడైన తెమిర్‌కుల్ అతని వెంటే తిరుగుతూ, బంతిని పాదం లోపలి అంచుతో మెత్తగా ఆపడం అతని దగ్గరే నేర్చుకున్నాడు. ఒక వేసవిలో నగరం క్లబ్బువాళ్ళు కుర్రాళ్ళను ఏరుకోవడానికి వచ్చారు. ఆ రోజు బేషెన్ కొండమీది మేతబయలులో తండ్రి గొర్రెలు కాస్తున్నాడు. తెమిర్‌కుల్ ఊళ్ళో ఉన్నాడు. అంతే తేడా.

తెమిర్‌కుల్ క్లబ్బుకు ఆడాడు, దేశానికి ఆడాడు. మోకాలు చెడ్డాక పిల్లలకు ఆట నేర్పాడు, చివరికి దేశం జట్టుకే మేనేజరయ్యాడు. అతను టీవీలో కనబడితే బేషెన్ భార్య బురుల్ సౌండు పెంచేది. బేషెన్ లేచి గుర్రానికి నీళ్ళు పెట్టడానికి పోయేవాడు.

"వాళ్ళు గెలిచినప్పుడల్లా నీళ్ళు పెడితే దాని కడుపు పగిలిపోదూ?" అనేది బురుల్.

గొర్రెలు కొండ దిగిన రోజుల్లో తెమిర్‌కుల్ ఊరికొచ్చాడు. పెద్ద జట్టునొకదాన్ని ఓడించి వచ్చాడని, ఊళ్ళో అందరికన్నా పెద్దవాడైన అసన్‌కుల్ తాత విందు పెట్టాడు. బేషెన్‌ను పక్కకు పిలిచి, ఈ ఒక్కసారికి వయసు చూడొద్దు, తుంటి ముక్క అతిథికే పెట్టమన్నాడు. బేషెన్ తలూపాడు.

పెరట్లో మాంసం ఉడికే అండా దగ్గర నిలబడితే లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. తెమిర్‌కుల్‌కు ఆట పుట్టుకతోనే వచ్చిందని ఎవరో అన్నారు. ఎవరూ నేర్పక్కర్లేకపోయిందట. బేషెన్ కడుపులో అండా కింది మంటంతా రాజుకుంది. పళ్ళేలు సర్దుకుని లోపలికి వెళ్ళి, తుంటి ముక్క అసన్‌కుల్ ముందు పెట్టాడు. గుమ్మానికెదురుగా గౌరవస్థానంలో కూర్చున్న తెమిర్‌కుల్ ముందు ముంగాలి ముక్క పెట్టాడు.

అసన్‌కుల్ మొహం పాలిపోయింది. బేషెన్ వెళ్ళి చివర కూర్చున్నాడు. తన పేరు ఇవాళ్టితో సరి అనుకున్నాడు. పోతే పోనీ అనుకున్నాడు.

తెమిర్‌కుల్ ముక్క వంక చూశాడు, తర్వాత చుట్టూ ఉన్న గడ్డాల వంక చూశాడు.

"నాకన్నా చిన్నవాళ్ళెవరైనా ఉన్నారా తాతా ఇక్కడ?"

ఎవరూ లేరు. బేషెన్ అసలు ఆ సంగతే ఆలోచించలేదు.

"అయితే నా ముక్క నాకే వచ్చింది. మేనేజరు గదా అని బేషెనన్న కత్తి వంకర పోలేదు."

అసన్‌కుల్ ఊపిరి పీల్చుకుని, తానే ఆశకు పోయి వరస తప్పబోయానని ఒప్పుకున్నాడు. బేషెన్ లాంటి నిక్కచ్చి మనిషి లేడని తలా ఒక మాట అన్నారు. బేషెన్ తన పళ్ళెం పక్కకు జరిపాడు. తెమిర్‌కుల్‌ను చిన్నబుచ్చబోతే అదీ వాడికే కిరీటమైంది.

విందు ముగిశాక తెమిర్‌కుల్ లేచి నీళ్ళ చెంబు అందుకున్నాడు. చిన్నవాడి ముక్క తిన్నాక చిన్నవాడి పనీ చెయ్యాలిగా అంటూ, వరసగా పెద్దల చేతుల మీద నీళ్ళు పోస్తూ చివరికి బేషెన్ దగ్గరికొచ్చాడు.

"నువ్వు వయసు చూసి పెట్టలేదులే అన్నా" అన్నాడు, మెల్లగా.

బేషెన్ తల ఎత్తలేదు. "ఎట్లా తెలుసు?"

"పదకొండు మందినే ఆడించగలను. బెంచీ మీద మిగిలినవాళ్ళ చూపులు రోజూ నా వీపుకు తగులుతూనే ఉంటాయి. నీ చూపు నాకు కొత్తా?"

"వాళ్ళనేం చేస్తావ్?"

"పని తెలిసినవాళ్ళైతే వదులుకోను."

బేషెన్ కడుపులో మంట ఆరలేదు గానీ, సెగ కాస్త తగ్గింది.

"నీళ్ళు సన్నగా పొయ్యి, చొక్కా తడుస్తోంది" అన్నాడు.

దేశం జట్టు మేనేజరు చెంబు వంపు తగ్గించాడు. బేషెన్ చేతులు ఎప్పుడో శుభ్రపడ్డాయి. అయినా ఇంకాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.